ఎముకకు పటము

విఱిగిన యెముకను గూర్చి ప్రసంగింపవలసి వచ్చినపుడెల్ల నాకు మొదట మా మేనమామ జ్ఞప్తికి వచ్చును. 1961వ సంవత్సరమున, నాకు పదియేండ్ల ప్రాయమున, ఆయన తాటిచెట్టుమీదనుండి జారిపడెను. దువ్వాడ చుట్టుప్రక్కల నాడు తాటితోపులు విస్తారముగా నుండెడివి. పడినవాడు మరల లేవలేకపోయెను. నలుగురు మంచముమీద మోసికొనిపోయి కట్టుకట్టు నాతనికి చూపిరి. ఆతడు దయగలవాడు, చేతివాటము గలవాడు. తుంటియొద్ద తడవి చూచి, ఎముక యెచ్చట విఱిగినదో యూహించి, వెదురుబద్దలు చేర్చి కట్టు కట్టెను. కొన్ని నెలలకు మామ లేచి నిలువబడెను గాని, కుడికాలు ఎడమకాలికంటె రెండంగుళములు కుఱుచ యయ్యెను. పిమ్మట ముప్పదియేండ్లు చేతికఱ్ఱతోనే నడచెను. ఒకనాటి సాయంకాలము అరుగుమీద కూర్చుండి, “ఒరే అల్లుడూ, నా యెముక లోపల నెట్లున్నదో చూచినవాడెవడును లేడురా. కట్టినవాడు చూడలేదు, కట్టించుకొన్న నేనును చూడలేదు” అనెను. ఆ మాట నేను మఱచిపోలేదు.

ఇటీవల మా యూరి యువకుడొకడు లారీ ప్రమాదమున చిక్కుకొనెను. తుంటిగిన్నె, అనగా తొడయెముక తల కుదురుకొనియుండు చోటు, పలుముక్క లయ్యెను. పరామర్శింపబోయిన నాకు శస్త్రవైద్యుడు తన బల్లమీదనుండి తెల్లని వస్తువొకటి తీసి చేతికిచ్చి, “తాతగారూ, ఇది మీ కుఱ్ఱవాని తుంటియెముకకు ప్రతిరూపము. దీనిమీద పగుళ్లెన్ని యున్నవో, లోపలను అన్నియే యున్నవి” అనెను. వ్రేలితో తడవి చూచితిని. ఒక ముక్క లోపలికి క్రుంగి యుండుట, ఒక ముక్క ప్రక్కకు తిరిగి యుండుట చేతికి తెలియుచుండెను. ఆ బాలుడు పరుండియే యున్నాడు. అతని దేహముమీద నింకను కత్తి పడలేదు. అయినను అతని యెముకను నేను చేత పట్టుకొంటిని.

మామ యెముకను ముప్పదియేండ్లు ఎవ్వరును చూడలేదు. ఈ బాలుని యెముకను, శస్త్రచికిత్సకు ముందే, వైద్యశాస్త్ర మెఱుగని నేనును చూడగలిగితిని. ఈ రెంటి నడుమ నున్న దారి యెట్టిది? దానిని వేసినవారెవ్వరు? ఆ దారి మన గడప వఱకు వచ్చినదా? ఈ మూడు ప్రశ్నలకు నాకు తెలిసినంత వఱకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గనుక, మనకు పరిచితమైన వస్తువులనే సాదృశ్యముగా తీసికొని చెప్పుదును.

ఎముకల నెఱుగవలెనను కోరిక మనదేశమున మిక్కిలి ప్రాచీనమైనది. వేదవాదులు మనుష్యదేహమున మున్నూటయరువది యెముకలు గలవనిరి. శస్త్రవైద్యమునకు ఆచార్యుడైన సుశ్రుతుడు మున్నూఱని లెక్కించెను. దంతములను, మృదులాస్థులను గూడ ఎముకలలో చేర్చుటచే ఆ సంఖ్య పెరిగినది. నేటి శాస్త్రము పెద్దవారికి 206 ఎముకలని చెప్పుచున్నది. శవమును గడ్డితో చుట్టి, పాఱునీట నుంచి, మెత్తబడిన పిదప పొర తరువాత పొరగా తొలగించి లోపలి యవయవములను కన్నులార చూచి నేర్చుకొనవలెనని సుశ్రుతుడు విధించెను. ఐరోపాలో 1543వ సంవత్సరమున వెసేలియస్ అను పండితుడు శవపరిశోధనచే మానవదేహనిర్మాణమును వర్ణించు గొప్ప గ్రంథమును ప్రకటించెను. వీరందఱును చూచినది మృతుల యెముకలు. బ్రతికియున్నవాని యెముక చర్మము క్రింద, మాంసము క్రింద మఱుగుపడియే యుండెను.

ఆ మఱుగును చేతిస్పర్శచే భేదించుటయే కట్టువైద్యుల విద్య. పుత్తూరు కట్టు మాట వినని తెలుగువాడుండడు. పొరుగు రాష్ట్రములనుండి సైతము జనులు ఆ యూరికి పోవుదురు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీలు వారి సాధనములు. స్థానము తప్పని సామాన్యపు విఱుపును కదలకుండ కట్టియుంచినచో ప్రకృతియే దానిని అతికించును. కట్టువైద్యమునకు వచ్చిన కీర్తిలో అధికభాగము ఈ సత్యమువలన వచ్చినదే. అయితే ఎముక ముక్కలు ఒకదానిపై నొకటి యెక్కినపుడు గాని, కీలులోపల పగిలినపుడు గాని చేయి చెప్పగలిగిన దానికి హద్దు కలదు. పుండుమీద కట్టినను, మిక్కిలి బిగించి కట్టినను, రక్తప్రసారము నిలిచి అవయవమునకే హాని వాటిల్లును. వెలుతురు లేని గదిలో పనిచేయువాడు ఎంతటి నేర్పరి యైనను వెలుతురున్న గదిలో పనిచేయువానితో సమానుడు కాడు.

ఆ వెలుతురు 1895వ సంవత్సరమున లభించినది. జర్మనీదేశమున వుర్త్స్‌బుర్గు నగరమున భౌతికశాస్త్రాచార్యుడైన రాంట్‌గెన్, నవంబరు 8వ తేదీ సాయంకాలమున, గాలి తీసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేయుచుండగా, దూరముననున్న తెర మెఱయుట గమనించెను. నల్లని అట్టతో కప్పినను ఆ మెఱపు ఆగలేదు. తెలియని రాశికి గణితమున వాడు అక్షరమునే పేరుగా పెట్టి వానిని ఎక్స్ కిరణములని పిలిచెను. డిసెంబరు 22వ తేదీన తన భార్య చేతిని ఆ కిరణముల కెదుట నుంచగా, మాంసము పలుచని నీడగాను, ఎముకలు చిక్కని నీడగాను, వ్రేలి యుంగరము అన్నిటికంటె దట్టముగాను ఫలకముపై పడినవి. బ్రతికియున్న మనుష్యుని యెముకను కత్తి లేకుండ చూచుట అది మొదలు సాధ్యమైనది. రాంట్‌గెన్ దానిపై స్వంత హక్కు కోరక లోకమునకు వదలివైచెను. 1901లో భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆతనికే లభించెను. కొలదిమాసములలోనే నానాదేశముల వైద్యులు విఱిగిన యెముకలను ఆ వెలుగున చూడసాగిరి.

కాని ఎక్స్‌రే పటము నీడయే గాని రూపము కాదు. తాటిచెట్టు నీడను కొలిచి చెట్టు ఎత్తు చెప్పవచ్చును. మ్రాను చుట్టుకొలత గాని, వెనుకవైపున తొఱ్ఱ యున్నదో లేదో గాని నీడ చెప్పదు. పది వస్తువులు ఒకదాని వెనుక నొకటి నిలిచినచో పదింటి నీడలును ఒక్కచోటనే కలిసిపోవును. చేయి, కాలు వంటి పొడవు ఎముకలకు నీడ చాలును. తుంటిగిన్నె, వెన్నుపూస, ముఖపుటెముకలు, పుఱ్ఱె యడుగుభాగము, ఇవి వంపులు తిరిగి ఒకదానిలో నొకటి యిమిడియుండును. అచ్చట నీడ వైద్యుని తికమక పెట్టును. డెబ్బదియైదేండ్లు వైద్యులు నీడనుండి రూపమును మనస్సులో నూహించుకొనియే శస్త్రచికిత్స చేసిరి.

నీడలనుండి రూపమును తిరిగి నిర్మింపవచ్చునా? అది వైద్యుల ప్రశ్న కాకమునుపే గణితజ్ఞుల ప్రశ్న యయ్యెను. ఒక యుదాహరణ చెప్పెదను. ఒక పల్లెలో వరుసకు మూడిండ్ల చొప్పున మూడు వరుసలుగా తొమ్మిదిండ్లున్న వనుకొందము. ఏ యింట నెన్ని బస్తాల ధాన్యమున్నదో మనకు తెలియదు. లోపలికి పోవుటకు సెలవు లేదు. అయితే అడ్డుగా పోవు ఒక్కొక్క వరుసలో మొత్త మెన్ని బస్తాలో, నిలువుగా నెన్నో, మూలమూలలుగా నెన్నో తెలిసినచో, నిదానముగా లెక్కకట్టి ఇంటింటి ధాన్యమును చెప్పవచ్చును. ఎక్స్ కిరణము దేహము గుండ పోయి వెలువడునపుడు, దారిలో నున్న పదార్థమంతయు కలిసి దాని నెంత మ్రింగినదో తెలుపును. అది వరుస మొత్తము వంటిది. అన్ని దిక్కులనుండియు మొత్తములు సేకరించినచో, లోపలి యొక్కొక్క చోటి పదార్థమును లెక్కకట్టవచ్చును. ఇట్టి లెక్క సాధ్యమేయని రేడాన్ అను ఆస్ట్రియా గణితవేత్త 1917లో నిరూపించెను. ఆఫ్రికాలోని కేప్‌టౌను నగరమున ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసిన కార్మాక్ అను శాస్త్రజ్ఞుడు ఆ సమస్యనే స్వయముగా సాధించి 1963, 1964 సంవత్సరములలో ప్రకటించెను. నాడు దానిని పట్టించుకొన్నవారు మిక్కిలి తక్కువ.

లెక్కను యంత్రముగా మార్చినవాడు ఇంగ్లండు దేశీయుడైన హౌన్స్‌ఫీల్డు. ఆతడు ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరు. కొమ్ముబూర యెదుట కూర్చున్న కుక్కబొమ్మగల గ్రామఫోను రికార్డులు మనయిండ్లలో పెద్దలకు గుర్తుండును. ఆ రికార్డుల సంస్థయు, ఈ యంత్రము పుట్టిన సంస్థయు ఒక్కటియే. మొదటి ప్రయోగమున ఆతడు పాత తరిమెనపీట చట్రముపై వస్తువును తిప్పుచు కొలతలు తీసెను. కిరణము బలహీనమగుటచే ఒక్క బొమ్మకు వలసిన కొలతలకు తొమ్మిది దినములు, వానిని లెక్కకట్టుటకు కంప్యూటరుకు రెండున్నర గంటలు పట్టినవి. పిమ్మట బలమైన ఎక్స్ కిరణములతో ఆ కాలము తగ్గెను. 1971వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన లండనులోని యొక ఆసుపత్రిలో ఒక రోగి శిరస్సునకు ఈ యంత్రముతో తొలిసారి పటము తీసిరి. మెదడులోని వ్యాధి స్థానము స్పష్టముగా కనబడెను. నేడు మనము సీ.టీ. స్కాను అని పిలుచునది దాని సంతతియే. 1979లో కార్మాకునకును హౌన్స్‌ఫీల్డునకును నోబెల్ బహుమానము నిచ్చిరి.

ఈ కథలో మనదేశీయుల పాత్ర కలదని చాలమంది యెఱుగరు. అదే 1971లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ అను శాస్త్రజ్ఞులు నీడలనుండి రూపమును నిర్మించుటకు సులభమైన గణితపద్ధతిని ప్రకటించిరి. నీడల మొత్తములను వచ్చినదారినే వెనుకకు పఱచినచో రూపము వచ్చును గాని, తడిసిన కాగితముమీది సిరావలె అంచులు అలుకుకొనిపోవును. పఱచుటకు ముందే ఒక్కొక్క నీడను ఫలానావిధముగా సవరించినచో అంచులు తీరుగా వచ్చునని వారు చూపిరి. ఆ సవరణకు వారి పేర్లు కలిపి పెట్టిన పేరు నేటికిని ప్రపంచమంతట పాఠ్యగ్రంథములలో నున్నది. ఈ రామచంద్రనే మునుపు మద్రాసు విశ్వవిద్యాలయమున, 1954 ప్రాంతమున, గోపీనాథ్ కర్తాతో కలిసి కొల్లాజెను అను పదార్థము మూడు పేటలు పురివేసిన త్రాడువంటిదని తెలిపెను. మన యెముకకు గట్టిదనముతోపాటు విఱుగక కొంత తాళుకొను గుణము నిచ్చునది ఆ కొల్లాజెనే.

సీ.టీ. యంత్రము దేహమును అరటిదూటను చక్రములుగా తరిగినట్లు, కత్తి లేకుండ, పలుచని పొరలుగా చూపును. మిల్లీమీటరు మందమున గాని, అంతకంటె తక్కువగా గాని ఒక్కొక్క పొర యుండును. ప్రతి పొరయు అడ్డము 512, నిలువు 512 గడుల చదరంగపు పలక వంటిది. అనగా పొర కొక్కింటికి 2,62,144 గడులు. తుంటి భాగమునకు 300 పొరలు తీసినచో 7,86,43,200 గడులగును. ప్రతి గడిలోను ఒక సంఖ్య వ్రాసియుండును. ఆ సంఖ్యలకు హౌన్స్‌ఫీల్డు పేరే పెట్టిరి. నీటికి సున్న, గాలికి వేయి తక్కువ, క్రొవ్వునకు నూఱు తక్కువ, కండకు నలుబది యేబదులు, లోపలి గుల్ల యెముకకు కొన్ని వందలు, పైని గట్టి యెముకకు వేయికి పైగా నుండును.

ఇక నీ సంఖ్యల రాశిలోనుండి ఎముకను వేఱు చేయవలెను. కళ్లములో ధాన్యమును తూర్పారబట్టుట మీరెఱుగుదురు. గాలికి పొట్టు ఎగిరిపోవును, బరువైన గింజ క్రింద పడును. అట్లే ఇన్ని వందలకు పైనున్న గడులన్నియు ఎముక, క్రిందివన్నియు కావు, అని కంప్యూటరునకు ఒక హద్దు చెప్పుదురు. పొరపొరకును ఎముక పొలిమేర తేలును. పిమ్మట ఆ పొలిమేరలను ఒకదానిపై నొకటి పేర్చి, అన్నిటిపై సన్నని త్రికోణపు రేకులతో వల కప్పినట్లు ఉపరితలమును కల్పింతురు. ఈ వల కప్పు ఉపాయమును 1987లో అమెరికాలో లోరెన్సన్, క్లైన్ అను ఇద్దఱు ప్రకటించిరి. ఎనిమిది మూలల చిన్నపెట్టెలో ఏ మూల ఎముకలోపల, ఏ మూల వెలుపల అని చూచినచో 256 విధములగును. వానిలో ఒక్కపోలికవి కలుపగా పదునైదే మిగులునని వారు కనిపెట్టిరి. పదునైదు అచ్చులతో కంప్యూటరు ఏ యెముక నైనను పోతపోయగలుగుచున్నది.

ఉక్కు కర్మాగారము కొఱకు మా ప్రాంతపు భూములు కొలిచిన దినములు నాకు జ్ఞప్తి యున్నవి. 1971వ సంవత్సరము జనవరి 20వ తేదీన ఇందిరాగాంధీగారు దానికి శంకుస్థాపన చేసిరి. గొలుసులు, జెండాలు పట్టుకొని సర్వేవారు పొలము పొలమును తిరిగిరి. ఏ చెక్కయు మఱియొక చెక్కవలె లేదు. ఒకదానికి మూల కోసుకొనిపోయినది, ఒకదానికి గట్టు వంకరపోయినది. పొరుగువాని పొలము పటముతో మన పొలమునకు హద్దు వేయించుకొందుమా? ఎముకయు నట్టిదే. నా తుంటియు నా తమ్ముని తుంటియు ఒక్కటి కావు. అయినను చిరకాలము వైద్యులు కొట్టులోని చెప్పులవలె కొన్ని పరిమాణములలో దొరకు పలకలనే తీసికొని, శస్త్రచికిత్స నడుమ వంచి, అమర్చి, సరిపోనిచో మరల తీసి వంచుచుండిరి. అంతసేపును రోగికి రక్తము పోవుచునే యుండును. ఎముకకు దాని పటమే యున్నచో ఆ పని ముందురోజుననే చేసికొనవచ్చును.

పటమును వస్తువుగా చేయు విద్య దాదాపు అదే కాలమున పుట్టినది. 1984లో అమెరికాదేశీయుడైన చార్లెస్ హల్ ద్రవరూపమున నున్న జిగురు వంటి పదార్థముపై అతినీలలోహిత కాంతితో గీతలు గీసి, కాంతి పడినచోట గట్టిపడునట్లు చేసి, పొరమీద పొరగా వస్తువును నిర్మించు పద్ధతికి హక్కు కోరెను. 1986లో అది లభించెను. కందిరీగ మట్టి తెచ్చి వరుసమీద వరుసగా గూడు కట్టుట వంటిదే యిది. పొరలుగా చూచిన యెముకను పొరలుగానే కట్టుట సహజమైన యోచన గదా! 1990లో లాస్ ఏంజెలెసు విశ్వవిద్యాలయమున సీ.టీ. పటములనుండి పుఱ్ఱె నమూనాను ఈ రీతిని తయారుచేసి ప్రకటించిరి. పిమ్మట లోహపుపొడిని లేజరు కిరణముతో పొరలుగా కరగించు పద్ధతియు వచ్చెను. 2011లో నెదర్లాండ్సు దేశమున ఎనుబదిమూడేండ్ల వృద్ధురాలికి, వ్యాధిచే చెడిన క్రిందిదవడకు మాఱుగా, ఆమె కొలతకే టైటేనియము పొడితో నిర్మించిన దవడను అమర్చిరి.

ఇట్టి నమూనా వైద్యునకు నాలుగు విధముల నుపయోగించును. శస్త్రచికిత్సను ముందే అభ్యసించుట యొకటి. పలకలను నమూనాపైననే వంచి సిద్ధపఱచుకొనుట రెండవది. రంపము ఎచ్చట తగులవలెనో, మర ఏ వాలున దిగవలెనో చూపు దారిబద్దలను ఆ యెముక వంపునకే సరిపోవునట్లు చేసికొనుట మూడవది. రోగికిని, అతనివారికిని జరుగబోవుదానిని విశదీకరించుట నాలుగవది. ఎడమవైపు నుజ్జుయైనపుడు కుడివైపు యెముకను అద్దములో చూచినట్లు త్రిప్పి, చెడినవైపు మునుపెట్లుండెనో యూహించు నుపాయమును కలదు. కుడియెడమలు అచ్చముగా ఒక్కటి కాకపోయినను, మిక్కిలి దగ్గఱగా నుండును.

అయితే యంత్రము చూపినదెల్ల సత్యమని నమ్మరాదు. తూర్పారబట్టునపుడు గాలి యెక్కువైనచో తాలుతోపాటు చిన్నగింజయు పోవును. కంటి యడుగున నుండు ఎముక రేకు కాగితమువలె పలుచన. దాని సంఖ్య తక్కువగా వచ్చుటచే నమూనాలో లేని రంధ్రము కనబడును. వృద్ధుల యెముకలు గుల్లబాఱి యుండుటచే వారియందును ఈ పొరపాటు సంభవించును. హద్దును తగ్గించినచో కీలునకు ఇరుప్రక్కల నున్న యెముకలు అతుకుకొనినట్లు వచ్చును. దేహమున మునుపటి ఉక్కుపలక యున్నచో దాని మెఱపుచారలు ప్రక్కలను చెఱచును. పొరలు మందముగా తీసినచో నున్నని యెముక మెట్లుమెట్లుగా వచ్చును. కావున ఎముకను చక్కగా నెఱిగినవాడు పొరపొరను చూచి దిద్దవలెను. చేతి తెలివి పోలేదు. మునుపు చర్మముపై తడవిన చేయి నేడు పటముపై తడవుచున్నది. మఱియొక మాట. సీ.టీ.లో దేహము గుండ పోవు కిరణముల మోతాదు సామాన్యపు ఎక్స్‌రేకంటె అనేకరెట్లెక్కువ. అవసరమున్నప్పుడే తీయింపవలెను గాని, వేడుకకు తీయించునది కాదు.

ఇక మన విశాఖ మాట. 1923వ సంవత్సరమున విశాఖపట్టణమున వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు వెలసినవి. ఉత్తరాంధ్ర జిల్లాలకు అదియే పెద్దదిక్కు. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. ఆ కర్మాగారపు చేరువనే, దువ్వాడకు అనతిదూరమున, సుమారు 270 యెకరములలో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ అను వైద్యపరికరముల నిర్మాణక్షేత్రము వెలసెను. 2018 డిసెంబరు 13వ తేదీన దానిని ప్రారంభించిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వైద్యపరికరములను గూర్చి జరుపు నాలుగవ ప్రపంచసదస్సు ఆ దినములలోనే యచ్చట జరిగెను. వైద్యపరికరములలో అధికభాగమును విదేశములనుండి కొనుచున్న మనదేశమునకు ఒక్కచోటనే నిర్మాణశాలలను, పరీక్షాశాలలను కూర్చిపెట్టుట దాని యుద్దేశము. పొరలుగా వస్తువులను నిర్మించు త్రీడీ ముద్రణశాలయు అందొకటి. 2020లో కరోనా వ్యాధి ప్రబలినపుడు శ్వాసయంత్రములను, పరీక్షాసామగ్రిని అచ్చటినుండి దేశమునకు పంపిరి.

టైటేనియమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. అది ఉక్కు బరువులో సగమునకు కొంచెము పైగా నుండును. తుప్పు పట్టదు. స్వీడను దేశమున బ్రోనెమార్క్ అను వైద్యుడు 1950 తరువాతి సంవత్సరములలో ఎముక దానితో విడదీయరానట్లు కలిసిపోవునని కనుగొనెను. భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళము తీరము వఱకు సముద్రపుటొడ్డున నల్లని యిసుక పట్టెలను మీరు చూచియుందురు. ఆ నలుపునకు కారణమైన ఇల్మనైటు అను ఖనిజమున టైటేనియము కలదు. హైదరాబాదులోని మిశ్రధాతు నిగమువారు 1973లో స్థాపితులై టైటేనియపు మిశ్రలోహములను తయారుచేయుచున్నారు. మన కాలిక్రింద నలిగెడు ఇసుకయే మన కాలిలోని యెముకకు ఆసరాగా రాగలదని మా మామకు చెప్పినచో నవ్వియుండును.

ఇప్పుడు మొదటి కథకు తిరిగివత్తును. ఈ నమూనాలు, ఈ యంత్రములు నాడున్నచో మా మామ కాలు చక్కగా నుండెడిదని మీరనుకొనవచ్చును. నేనును చాలకాలము అట్లే యనుకొంటిని. విచారించి చూడగా అది సరి కాదని తెలిసికొంటిని. ఆయన విఱుపునకు నమూనా అక్కఱలేదు, సీ.టీ.యు అక్కఱలేదు. ఎముక ముక్కలు ఒకదానిపై నొకటి జాఱినవని ఒక్క సామాన్యపు నీడపటమే చెప్పియుండెడిది. 1961 నాటికి రాంట్‌గెన్ విద్య అఱువదియాఱేండ్ల పాతది. విశాఖపట్టణము మా యూరికి పది పదునైదు మైళ్లు. రైలుదారి మా పొలముల ప్రక్కనుండియే పోవుచుండెను. లోకమున విద్య యుండుట వేఱు, అది మన గడప నెక్కుట వేఱు. నాడు మంచము మోసినవారు దానిని ఏవైపునకు త్రిప్పవలెనో నిర్ణయించినది ఊరిపెద్దలు. వారు ప్రేమతోనే నిర్ణయించిరి. వారిలో మా తండ్రియు నుండెను.

ఈ కారణముననే నేనీ ప్రసంగమును వైద్యులకుగాక పెద్దలైన మీకు నివేదించుచున్నాను. పల్లెలో ఒకడు పడినపుడు మొదటి మాట నేటికిని మీదే. విఱిగినచోటును కదలకుండ బద్దతో నిలిపి, పటము తీయగల చోటికి పంపుడు. కట్టు కట్టించుకొనదలచినను, పటము చూచిన పిదపనే ఆ నిర్ణయము చేయుడు. కీలులో గాని, తుంటిగిన్నెలో గాని, ముఖమున గాని విఱిగినదని చెప్పినచో, సీ.టీ. అవసరమా, పలుచని పొరలతో తీయుదురా, నమూనా చేయించుటవలన ప్రయోజనము కలదా, దానికి వ్యయమెంత యని సంకోచింపక అడుగుడు. అన్నిటికిని అవసరము లేదని వైద్యుడు చెప్పినచో అదియు మంచి మాటయే. తీసిన పటములను, వానిని నిలుపు పలుచని బిళ్లను భూమి పత్రములవలె భద్రపఱచుడు. పదియేండ్ల తరువాతనైనను ఆ సంఖ్యలనుండి ఆ యెముకను మరల నిర్మింపవచ్చును.

ఆ లారీ ప్రమాదపు బాలునకు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు కఱ్ఱ ఊతముతో నడచుచున్నాడు. క్రమముగా దానిని విడువవచ్చునని వైద్యులనుచున్నారు. ఆ తెల్లని నమూనాను వైద్యుడు వారికే యిచ్చెను. అతని తల్లి దానిని పెట్టెలో, పట్టాదారు పుస్తకము ప్రక్కన, గుడ్డలో చుట్టి యుంచినది. మొన్న పోయినపుడు చూపుమని యడిగి చేతిలోనికి తీసికొని మరల తడవి చూచితిని. మామకు చూపవలెననిపించినది.